తిరగబెడుతుందేమో!

2012 సెప్టెంబరు 8, విశాఖపట్నం. భారత్, న్యూజిలాండ్ టీ20 మ్యాచ్ కోసం స్టేడియానికి వచ్చిన జనంలో చాలామంది కళ్ళు వెతికింది ఒక్కడి కోసమే. ఏడాదిన్నర కిందట వన్డే ప్రపంచకప్‌లో 362 పరుగులు చేసి, 15 వికెట్లు తీసి, టోర్నీ ఉత్తమ ఆటగాడిగా నిలిచిన యువరాజ్ సింగ్ క్యాన్సర్ చికిత్స ముగించుకుని మళ్ళీ నీలం జెర్సీ వేసుకోవాల్సిన రోజది. వాన వదల్లేదు. ఒక్క బంతి కూడా పడకుండానే మ్యాచ్ రద్దయింది. మూడు రోజుల తర్వాత చెన్నైలో ఆడాడు, 26 బంతుల్లో 34 పరుగులు. భారత్ ఒక్క పరుగు తేడాతో ఓడిపోయింది గానీ ఆ ఓటమి ఇవాళ ఎంతమందికి గుర్తుంది?

మన పత్రికల్లోనూ టీవీల్లోనూ క్యాన్సర్ కథ మామూలుగా ఇలాంటి చోటే ముగుస్తుంది. జబ్బు వచ్చింది, పోరాడాడు, గెలిచాడు. ఇక ఆ మనిషికి ‘క్యాన్సర్ విజేత’ అని బిరుదు. సభకు పిలిచి శాలువా కప్పుతారు. ఇచ్చేవాళ్ళ మనసు మంచిదే, కాదనలేం. కానీ విజేతకో చిక్కుంది. గెలిచినవాడు భయపడుతున్నానని నలుగురిలో చెప్పుకోలేడు. చూసేవాళ్ళ దృష్టిలో ఆట అయిపోయింది. ఆడినవాడికేమో అంపైర్లు ఇంకా బెయిల్స్ తీసినట్టు కనిపించదు.

యువరాజ్‌కి వచ్చింది మీడియాస్టైనల్ సెమినోమా. రెండు ఊపిరితిత్తుల నడుమ, రొమ్ము ఎముక వెనక పెరిగే అరుదైన కణితి. 2012లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో, డాక్టర్ లారెన్స్ ఐన్‌హార్న్ పర్యవేక్షణలో కీమో తీసుకున్నాడు. సరిగ్గా ఇదే కణితి, ఇదే చోట, 37 ఏళ్ళ ముందు ఒక డాక్టరుకే వచ్చింది. ఆయన పేరు ఫిట్జ్‌హ్యూ ములన్. 1975లో న్యూమెక్సికోలో పనిచేస్తున్నప్పుడు, 32 ఏళ్ళ వయసులో, తన ఛాతీ ఎక్స్‌రేలో ఉండకూడని నీడను తన కళ్ళతోనే చూశారు. ఆపరేషన్, రేడియేషన్, కీమో, వాటి వెంట వచ్చిన ఇబ్బందులు, అన్నీ దాటారు. పదేళ్ళ తర్వాత, 1985 జులైలో, న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక చిన్న వ్యాసం రాశారు. జీవించి ఉండటంలోని రుతువుల గురించి.

ములన్ చెప్పింది వినడానికి తేలికగానే ఉంటుంది. వైద్యులకు రోగి తెలుసు, నయమైనవాడూ తెలుసు. ఆ రెంటి మధ్య ఏళ్ళ తరబడి నడిచే మనిషి మాత్రం వాళ్ళ లెక్కలో లేడు. క్యాన్సర్ వచ్చినవారి జీవితాన్ని ఆయన మూడు రుతువులుగా విడదీశారు. మొదటిది, జబ్బు బయటపడి చికిత్స నడిచే కాలం. మూడోది, ఇక రాదులే అని నమ్మకం కుదిరే కాలం. నడుమ ఉన్న రెండో రుతువులో మందులు ఆగిపోతాయి, ఆసుపత్రి దూరమవుతుంది, శరీరం నీరసంగా ఉంటుంది. ఆ రుతువును ఏలేది ఒకే ఒక్క భయం: మళ్ళీ వస్తుందేమో. మరుసటి ఏడాది ఆల్బుకర్కీలో ఇంకొందరితో కలిసి క్యాన్సర్ దాటినవారి జాతీయ సంఘం ఒకటి పెట్టారు. చికిత్స తర్వాతి జీవితాన్ని పట్టించుకోవాలన్న ఉద్యమానికి అది నాంది.

తెలుగులో ఈ భయానికి అచ్చంగా సరిపోయే మాట ఉంది: తిరగబెట్టడం. టైఫాయిడ్ తగ్గిందనుకుని పథ్యం తప్పితే తిరగబెడుతుందని పెద్దవాళ్ళు హెచ్చరించేవారు. ఆ మాటలో ఉన్న ఊహ ఏమిటంటే, జబ్బు బయటినుంచి కొత్తగా రావడం లేదు, పోయినట్టే పోయి లోపలే పొంచి ఉండి మళ్ళీ తలెత్తుతోంది. క్యాన్సర్ జీవశాస్త్రం చెప్పేదీ దాదాపు ఇదే.

ఆపరేషన్ కంటికి కనిపించే గడ్డను తీసేస్తుంది. ఊళ్ళలో ‘కరెంటు పెట్టడం’ అనే రేడియేషన్ ఆ చుట్టుపక్కల మిగిలినవాటిని కాలుస్తుంది. కీమో రక్తంలో ప్రయాణించి దూరంగా చెదిరినవాటిని వెతుకుతుంది. ఇన్ని చేశాక స్కాన్‌లో ఏమీ లేదంటే, స్కాన్‌కు కనిపించేంత పెద్దది ఏదీ లేదని అర్థం. శనగగింజంత గడ్డలోనే కణాలు కోట్లలో ఉంటాయి మరి. గుప్పెడు కణాలు ఎముక మజ్జలోనో కాలేయంలోనో విభజన ఆపేసి నిద్రపోతే, వాటిని పట్టుకునే స్కాన్ లేదు. పైగా మన కీమో మందుల్లో చాలావాటికి చిక్కేది వేగంగా విభజన చెందే కణాలే. నిద్రపోయేవాటి జోలికి అవి పెద్దగా పోవు. ‘నిద్రాణ కణం’ అన్న ఊహ 1934 నాటిది, రూపర్ట్ విల్లిస్ అనే పాథాలజిస్టుది.

ఆ నిద్ర ఎంత గాఢమో చెప్పే ఉదంతం స్కాట్లండ్‌లో బయటపడింది. ఒకరికి మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగింది. పదహారేళ్ళపాటు ఏ జాడా లేదు, నయమైనట్టే లెక్క. ఆ వ్యక్తి వేరే కారణంతో చనిపోయినప్పుడు రెండు కిడ్నీలనూ ఇద్దరికి అమర్చారు. ఇద్దరిలోనూ మెలనోమా వచ్చింది, ఒకరు చనిపోయారు. 2003లో ఈ సంగతి వైద్య పత్రికకెక్కింది. దాత ఒంట్లో రోగనిరోధక వ్యవస్థ పదహారేళ్ళు కాపలా కాసి తొక్కిపెట్టిన కణాలు, ఆ కాపలాను తగ్గించే మందులు వాడుతున్న కొత్త ఒంట్లోకి చేరగానే లేచి కూర్చున్నాయి. చదివి బెంబేలెత్తేవాళ్ళకు ఇందులో ఇంకో కోణం కూడా ఉంది. దాతకు మాత్రం ఆ పదహారేళ్ళూ జబ్బు లేదు. కణాలు మిగిలి ఉండటం వేరు, జబ్బు ఉండటం వేరు.

మరి ‘ఐదేళ్ళు దాటితే గండం గడిచినట్టే’ అని అందరూ అనే మాట? సగం నిజం. ఏ క్యాన్సర్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. వృషణాల క్యాన్సర్, హాడ్జ్‌కిన్ లింఫోమా తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్ళలోనే. రొమ్ము క్యాన్సర్‌లో ట్రిపుల్ నెగెటివ్ అనే రకం వైద్యులను బాగా కంగారుపెట్టేదే అయినా, దాని జోరు మొదటి మూడేళ్ళది. ఐదేళ్ళు దాటాక ముప్పు బాగా పడిపోతుంది. అదే రొమ్ము క్యాన్సర్‌లో, ఈస్ట్రోజెన్ హార్మోను మీద ఆధారపడి పెరిగే రకం నెమ్మదస్తురాలు, మరపు లేనిది. 2017లో వెలువడిన ఓ భారీ విశ్లేషణ 62,923 మంది స్త్రీలను లెక్కలోకి తీసుకుంది. అందరూ ఐదేళ్ళు ఆ హార్మోనును అడ్డుకునే మాత్రలు వాడి, ఐదో ఏడు పూర్తయ్యేనాటికి జబ్బు జాడ లేనివాళ్ళే. అయినా ఐదో ఏడు నుంచి ఇరవయ్యో ఏడు దాకా దూరపు అవయవాల్లో తిరగబెట్టడం ఒకే తీరున సాగుతూనే వచ్చింది. గడ్డ చిన్నదై, చంకలోని లింఫు గ్రంథులకు పాకకుండా, నెమ్మదిగా పెరిగే రకమైనప్పుడు ఆ పదిహేనేళ్ళలో ముప్పు పది శాతం. గడ్డ పెద్దదై, నాలుగు నుంచి తొమ్మిది గ్రంథులకు పాకి ఉంటే 41 శాతం.

కాబట్టి ‘మళ్ళీ వస్తుందా డాక్టరుగారూ?’ అన్న ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు లేదు. ‘నా రకం ఎప్పుడు ఎక్కువగా తిరగబెడుతుంది, ఎక్కడ, మొదట ఏం తెలుస్తుంది?’ అని అడిగితే జవాబుంది. ఆ జవాబు తెలిసినవాడికి ప్రతి జలుబూ అనుమానంగా కనిపించాల్సిన పనిలేదు.

ఇదంతా జబ్బు సంగతి. భయం సంగతి వేరే. ఆ రెండూ ఒకే దారిలో నడవవని పరిశోధకులు గుర్తించడానికి చాలాకాలం పట్టింది.

కెనడాలోని ఒట్టావాలో 2015లో నిపుణులు కూర్చుని ఈ భయానికి ఒక నిర్వచనం రాసుకున్నారు: క్యాన్సర్ తిరిగి వస్తుందేమో, ముదురుతుందేమో అన్న భయం, బెంగ, కలవరం. ఇంగ్లీషులో వెతుక్కుని మూడు మాటలు పెట్టారు గానీ మనకు ఈ సరుకు దండిగానే ఉంది. ఎదురుగా పాము కనిపిస్తే భయం. దూరదేశంలో ఉన్న కొడుకు గురించి బెంగ. కారణం తేలకుండా పొట్టలో తిరిగేది గుబులు. రివ్యూ తేదీ దగ్గరపడుతున్నప్పుడు వచ్చేది ఈ మూడోది.

దీన్ని కొలవడానికి కెనడా మనస్తత్వవేత్త సెబాస్టియన్ సిమార్, 2009లో సహచరులతో కలిసి ఒక ప్రశ్నావళి తయారుచేశారు. అందులోంచి తీసిన తొమ్మిది ప్రశ్నల చిన్న రూపం ప్రపంచమంతా వాడుకలో ఉంది. 36 మార్కులకు ఉంటుంది, మార్కులు పెరిగేకొద్దీ భయం ఎక్కువన్నమాట. 2022లో నెదర్లాండ్స్ పరిశోధకులు 13 దేశాల్లో జరిగిన 46 అధ్యయనాల్లోని 9,311 మంది జవాబులను ఒకచోట చేర్చారు. సగానికి పైగా, అంటే 58.8 శాతం మందికి, 13 లేదా అంతకంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. 22 లేదా అంతకంటే ఎక్కువ వచ్చినవారు 19.2 శాతం. ఈ రెండో గుంపు ఒంటరిగా మోయలేని భయంతో ఉన్నట్టు లెక్క. ఐదుగురిలో ఒకరు. మన దేశంలో ఒక్క 2022లోనే కొత్తగా సుమారు 14 లక్షల మందికి క్యాన్సర్ వచ్చిందని, అంతకుముందు ఐదేళ్ళలో జబ్బు బయటపడి బతికున్నవారు 32 లక్షల పైచిలుకని అంతర్జాతీయ అంచనా. ఐదులో ఒకరన్న లెక్క మనకూ వర్తిస్తుందనుకుంటే ఆరు లక్షల పైమాటే. ఓ పెద్ద నగరమంత జనం.

ఇంతకీ ఎవరు ఎక్కువ భయపడతారు? జబ్బు బాగా ముదిరినవాళ్ళనుకుంటాం. కాదు. 2013లో సిమార్ బృందం 130 పరిశోధన పత్రాలు వడపోసింది. తిరగబెట్టే అసలు ముప్పుకూ భయం స్థాయికీ ఉన్న లంకె బలహీనంగానే కనబడింది. గట్టిగా నిలిచింది వయసు. చిన్నవాళ్ళకు భయం ఎక్కువ. ముప్పైఅయిదేళ్ళ తల్లికి చంటిపిల్లలుంటారు, ఇంటి అప్పుంటుంది, పోగొట్టుకోవాల్సినది ఎక్కువుంటుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, కాలం గడిస్తే ఈ భయం దానంతటదే కరిగిపోదు. పట్టించుకోకపోతే ఏళ్ళు గడిచినా చాలామందిలో అలాగే ఉంటుంది. ‘కొన్నాళ్ళు పోతే అదే తగ్గుతుందిలే’ అన్న ఓదార్పుకు ఆధారం తక్కువ.

ముప్పు చిన్నదైనా భయం ఎందుకంత పెద్దది? లండన్‌లో 2016లో జరిగిన ఒక ప్రయోగం దీనికి దారి చూపిస్తుంది. 45 మంది వాలంటీర్లను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. తెరమీద రాళ్ళు. ఒక్కో రాయి కింద పాముందో లేదో ఊహించాలి. పాముంటే చేతికి నొప్పిపెట్టే కరెంటు షాకు. పాము ఉండే అవకాశాలను మారుస్తూ, చెమట, కనుపాపల వెడల్పు కొలుస్తూ పోయారు. షాకు తప్పదని ఖాయంగా తెలిసినప్పుడు ఒత్తిడి తక్కువ. రాదని తెలిసినప్పుడూ తక్కువే. అది శిఖరానికి చేరింది యాభై యాభైగా ఉన్నప్పుడు. అంటే మనిషిని ఎక్కువ నలిపేది చెడ్డవార్త కాదు, తేలని వార్త. రెండో రుతువులో ఉన్నవాళ్ళు రోజూ ఆ రాళ్ళనే తిప్పి చూస్తుంటారు.

ఆ రాళ్ళు ఉన్నది కూడా వాళ్ళ ఒంట్లోనే. క్యాన్సర్ రాకముందు నడుం పట్టేస్తే, నిన్న బిందె ఎత్తాను కదా అనుకునేవాళ్ళు. ఇప్పుడు నడుంనొప్పి అంటే ఎముకలకు పాకిందేమో. తలనొప్పి అంటే మెదడుకు ఎక్కిందేమో. దీన్ని పిచ్చి అనుమానమని కొట్టిపారేయడం అన్యాయం. చాలామందికి మొదటిసారి జబ్బు వచ్చినప్పుడు నొప్పి లేదు, జ్వరం లేదు, ఒళ్ళు బాగానే ఉన్నానంది. అదే ఒళ్ళు ఇప్పుడు బాగానే ఉన్నానంటే ఎలా నమ్మడం? ఒకసారి అబద్ధం చెప్పిన సాక్షి అది.

ఇందులో ఒక విడ్డూరం కూడా ఉంది. రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే లెట్రోజోల్ వంటి మాత్రలు చాలామందిలో కీళ్ళనొప్పులు తెస్తాయి. పాక్లిటాక్సెల్ అనే కీమో మందు అరికాళ్ళలో మంటలు, తిమ్మిర్లు మిగిల్చి పోతుంది. ఆపరేషన్ మచ్చ చలికాలంలో లాగుతుంది. కాపాడటానికి వచ్చిన మందే ఒంట్లో నొప్పి పుట్టిస్తుంది, ఆ నొప్పి జబ్బు తిరిగొచ్చిందని భ్రమ పుట్టిస్తుంది. చాలామంది వైద్యులు చెప్పే కొండగుర్తు ఒకటుంది: కొత్తగా మొదలై, రెండు వారాలు దాటినా తగ్గక, రోజురోజుకీ ఎక్కువయ్యే బాధ ఏదైనా చూపించుకోవాలి. వచ్చిపోయే నొప్పికి, చోటు మార్చే నొప్పికి ఆ రెండు వారాల గడువివ్వాలి.

రివ్యూకు ముందు వచ్చే గుబులుకు ఇంగ్లీషులో ఒక పేరే పుట్టుకొచ్చింది, స్కాన్‌గ్జైటీ. అమెరికన్ రచయిత బ్రూస్ ఫైలర్ 2011లో టైమ్ పత్రికలో ఆ పేరుతో రాశాడు. 2008లో ఆయన తొడ ఎముకలో క్యాన్సర్ బయటపడింది. మన భాషలో ‘స్కాన్ గుబులు’ అంటే సరిపోదా? పదిరోజుల ముందునుంచి నిద్ర పట్టదు, ఇంట్లో చిన్నమాటకే విసుక్కుంటారు. స్కాన్ తీసే టెక్నీషియన్ మొహం చూసి ఏమనుకుంటున్నాడో చదవడానికి ప్రయత్నిస్తారు. రిపోర్టు కవరు చేతికొచ్చాక దాన్ని విప్పాలా వద్దా అని ఆటోలో మల్లగుల్లాలు. అంతా బాగుందని డాక్టరు చెప్పాక వచ్చే ఊరట కొన్ని వారాలు నిలుస్తుంది. తర్వాత మళ్ళీ మొదలు.

మరైతే పరీక్షలు ఎక్కువ చేయించుకుంటే? నెలనెలా రక్తపరీక్ష, మూడు నెలలకో పెట్ స్కాన్? ఈ ప్రశ్నకు ఇటలీలో రెండు పెద్ద అధ్యయనాలు 1994లోనే జవాబు చెప్పాయి. రొమ్ము క్యాన్సర్ చికిత్స పూర్తయిన స్త్రీలలో కొందరికి మామూలు పరీక్షలు, మమ్మోగ్రఫీ మాత్రమే చేశారు. మరికొందరికి వాటితోపాటు ఎముకల స్కాన్లు, ఛాతీ ఎక్స్‌రేలు వంటివి క్రమం తప్పకుండా చేశారు. ఎక్కువ పరీక్షలు చేయించుకున్నవారు ఎక్కువకాలం బతకలేదు. అండాశయ క్యాన్సర్‌లోనూ అంతే. 2010లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనంలో, సీఏ 125 అనే రక్తపరీక్ష అంకె పెరగగానే కీమో మొదలుపెట్టినవాళ్ళకూ, లక్షణాలు కనిపించేదాకా ఆగినవాళ్ళకూ ఆయుష్షులో తేడా రాలేదు. ముందే మొదలుపెట్టినవాళ్ళు కీమో బాధను మాత్రం ముందే పడ్డారు. పెద్దపేగు క్యాన్సర్ వంటివాటిలో సీఈఏ అనే రక్తపరీక్ష, స్కాన్లు క్రమం తప్పకుండా అవసరమే, అక్కడ ముందే పట్టుకుంటే మళ్ళీ ఆపరేషన్ చేసే వీలుంటుంది. అందుకే ఏ పరీక్ష ఎప్పుడన్నది జబ్బును బట్టి డాక్టరు నిర్ణయించాలి తప్ప, పండుగ ఆఫర్లతో వచ్చే ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ కాదు. భయం పరీక్షను కోరుకుంటుంది, పరీక్ష కొన్ని రోజుల ఊరటనిస్తుంది. ఆ ఊరట తీరిపోగానే భయం ఇంకో పరీక్ష అడుగుతుంది.

కొందరిలో ఇదే భయం తలకిందులుగా పనిచేస్తుంది. వాళ్ళు రివ్యూకే వెళ్ళరు. ఫైలు బీరువాలో బట్టల కింద పెట్టేస్తారు. ‘బాగానే ఉన్నాగా, వెళ్తే ఏదో ఒకటి చెబుతారు’ అంటారు. చూసేవాళ్ళకు అది ధైర్యంలాగో నిర్లక్ష్యంలాగో కనిపిస్తుంది. ఇంకొందరు భయాన్ని డబ్బిచ్చి తీర్చుకోవాలనుకుంటారు. కషాయాలు, ఆకురసాలు, ‘రాకుండా చేసే’ పొడులు. ఈ సరుకమ్మేవాళ్ళకు ఒక సంగతి బాగా తెలుసు: జబ్బున్నవాడికంటే జబ్బు తగ్గినవాడు మంచి ఖాతాదారు. రాకపోతే మందు గొప్పతనం, వస్తే పథ్యం సరిగ్గా చేయలేదు.

ఇంట్లోవాళ్ళు ఇచ్చే మందు ఇంకొకటి: ‘దాని గురించి ఆలోచించకు’. మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోవద్దన్న సామెత చెప్పుకునే మనకు ఇది ఎందుకు పనిచేయదో కొత్తగా చెప్పక్కర్లేదు. అమెరికన్ మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ 1987లో కోతికి బదులు తెల్ల ఎలుగుబంటితో దీన్ని ప్రయోగశాలలో నిరూపించాడు. వద్దన్న ఆలోచన రెట్టింపై వస్తుంది. ‘పాజిటివ్‌గా ఉండు’ అనడం మరీ కష్టం. అప్పుడు భయపడటమే కాదు, భయపడినందువల్లే జబ్బు తిరగబెడుతుందేమోనన్న ఇంకో భయం జతవుతుంది.

ఆ మాట చెప్పే ఇంట్లోవాళ్ళు మాత్రం నిశ్చింతగా ఉన్నారా? 2007లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో క్యాన్సర్ దాటినవారికంటే వారిని చూసుకునే కుటుంబ సభ్యులకే ఈ భయం ఎక్కువున్నట్టు తేలింది. మన ఇళ్ళలో ఇది ఇంకో రంగు పులుముకుంటుంది. ఆమె బాధపడుతుందని ఆయన అడగడు. ఆయన కంగారుపడతాడని ఆమె చెప్పదు. పెళ్ళికావాల్సిన పిల్ల ఉంటే ఇంటిల్లిపాదీ ఆ మాటే ఎత్తరు, సంబంధాలు చెడిపోతాయని. అంతా ఒకే మంచం మీద పడుకుని ఒకే పైకప్పును చూస్తుంటారు.

భయానికి గట్టి కారణమే ఉన్నవాళ్ళూ ఉన్నారు. ‘మిర్చి’, ‘అత్తారింటికి దారేది’ సినిమాలతో తెలుగువాళ్ళకు దగ్గరైన నటి హంసానందిని 2021 డిసెంబరులో గుండుతో దిగిన ఫొటో పెట్టి తనకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందని చెప్పింది. పద్దెనిమిదేళ్ళ ముందు ఆమె తల్లిని తీసుకుపోయింది కూడా అదే. జన్యుపరీక్షలో బీఆర్‌సీఏ1 అనే జన్యువులో లోపం తేలిందని, జీవితకాలంలో మరో రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం 70 శాతం, అండాశయ క్యాన్సర్‌కు 45 శాతమని ఆమే రాసింది. ఇది పాతది తిరగబెట్టడం కాదు, కొత్తది రావడం. ముప్పు తగ్గించే ఆపరేషన్లున్నాయి, ఆ సంగతీ రాసింది. ఇలాంటివారికి భయం తప్పని చెప్పడానికి ఎవరికీ హక్కులేదు. ఆ భయాన్ని చెయ్యాల్సిన పని వైపు తిప్పగలమా అన్నదే ప్రశ్న.

తిప్పవచ్చని కొన్ని ప్రయోగాలు చెబుతున్నాయి. ఆస్ట్రేలియాలో ఫిలిస్ బ్యూటో బృందం ‘కాంకర్ ఫియర్’ అనే పద్ధతిని 222 మంది మీద పరీక్షించి 2017లో ఫలితాలు వెల్లడించింది. పది వారాల్లో ఐదు ముఖాముఖి సమావేశాలు. అందులో ఎక్కడా జబ్బు రాదని హామీ ఇవ్వరు. ఏ లక్షణాన్ని పట్టించుకోవాలో, ఏది వదిలేయాలో తేల్చి చెబుతారు. చింత మీద చింతించడం గురించి మాట్లాడతారు. చింతిస్తూ ఉంటే జాగ్రత్తగా ఉన్నట్టే అనే నమ్మకం చాలామందిలో లోపల ఉంటుంది, దాన్ని బయటికి లాగుతారు. చూపును ఒంటి మీంచి తప్పించి బయటికి మళ్ళించే సాధన నేర్పుతారు. జీవితంలో తమకేది విలువైనదో, భయం కారణంగా దేన్ని వాయిదా వేశారో అడుగుతారు. విశ్రాంతి పద్ధతులు మాత్రమే నేర్చుకున్నవారికంటే వీళ్ళ భయం ఎక్కువ తగ్గింది. 2019లో ఇలాంటి ప్రయోగాలన్నింటినీ కలిపి చూసినప్పుడు మేలు చిన్నదే గానీ నిలబడేదని తేలింది. చిన్నదే అన్న మాటను దాచడం మంచిది కాదు. అద్భుతాలు అమ్మేవాళ్ళు ఎలాగూ ఉన్నారు.

భయం సంగతి అలా ఉంచి, జబ్బు తిరగబెట్టడాన్నే తగ్గించేందుకు మనిషి తన చేతులతో చేయగలిగింది ఏమైనా ఉందా? 2025లో దీనికి బలమైన జవాబు వచ్చింది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో పూర్తయిన 889 మందిలో సగం మందికి వ్యాయామం గురించిన పుస్తకం ఇచ్చారు. మిగతా సగానికి మూడేళ్ళపాటు శిక్షకుడి పర్యవేక్షణలో వ్యాయామం చేయించారు. ఎక్కువమంది ఎంచుకున్నది చురుకైన నడకే. ఐదేళ్ళకు జబ్బు లేకుండా ఉన్నవారు మొదటి గుంపులో 73.9 శాతమైతే, వ్యాయామం చేసిన గుంపులో 80.3 శాతం. కొన్ని ఖరీదైన మందులు కూడా ఇంత తేడా చూపవు. ఇక్కడ పుస్తకం ఇవ్వడమూ పక్కన మనిషి ఉండటమూ ఒకటి కాదన్న సంగతి కూడా దాగుంది.

మన పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల ఓపీలో డాక్టరుకు ఒక్కో మనిషితో దొరికేది కొద్ది నిమిషాలు. మనసు గురించి మాట్లాడే నిపుణులు అన్నిచోట్లా లేరు. శ్రీకాకుళం పల్లెనుంచి విశాఖకో, ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కో వచ్చినవారికి తిరుగు బస్సు ఆత్రం ఒకటి. తిరగబెట్టడమంటే ప్రాణభయంతోపాటు, ఇంకా తీరని అప్పు మీద ఇంకో అప్పు. అయినా ఒక్క ప్రశ్నకు అర నిమిషం చాలు. ఆకలి ఎలా ఉంది, నిద్ర ఎలా ఉంది అని అడిగే చోటే, ‘మళ్ళీ వస్తుందని భయంగా ఉంటోందా?’ అని డాక్టరో, నర్సో అడగవచ్చు. శాలువాలు కప్పించుకున్న చాలామందిని ఈ మాట ఇంతవరకు ఎవరూ అడిగి ఉండరు. ములన్ ఆ వ్యాసం రాసిన తర్వాత 34 ఏళ్ళు బతికారు. వైద్యులకు పాఠాలు చెప్పారు, పుస్తకాలు రాశారు. 2019లో 77వ ఏట ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశారు.

ఇందాక ‘కాంకర్ ఫియర్’లో చెప్పుకున్న సాధనల్లో ఒకటి, పైసా ఖర్చులేనిది, బ్రిటిష్ మనస్తత్వవేత్త ఏడ్రియన్ వెల్స్ రూపొందించాడు. పన్నెండు నిమిషాలు పడుతుంది. చెయ్యాల్సింది వినడం మాత్రమే. కళ్ళు మూసుకోనక్కర్లేదు. రివ్యూ కోసం ఓపీ వరండాలో కూర్చున్నప్పుడు కూడా చెయ్యవచ్చు. అక్కడ చప్పుళ్ళకు కొదవేముంది? పైన ఫ్యాను కిర్రుమంటోంది. ఎవరో స్ట్రెచర్ తోసుకెళ్తున్నారు, దాని ఒక చక్రం సరిగ్గా తిరగడం లేదు. పక్క బెంచీ మీద టిఫిన్ డబ్బా మూత తీసిన చప్పుడు. ఒక పిల్లవాడి ఫోనులో కార్టూన్ పాట. బయట రోడ్డు మీద ఆటో హారన్. ముందు ఫ్యాను ఒక్కటే వినాలి, మిగతావి ఉన్నా సరే. తర్వాత చక్రానికి మారాలి, అక్కణ్ణుంచి హారన్‌కి, మళ్ళీ ఫ్యానుకి, వేగంగా. చివర్లో అన్నీ ఒకేసారి వినబడేంత వెడల్పుగా చెవి తెరవాలి. మధ్యలో నడుంనొప్పి పలకరిస్తుంది, రిపోర్టు గుర్తుకొస్తుంది. వాటిని తరిమేయనక్కర్లేదు, అవీ ఆ చప్పుళ్ళలో ఒక చప్పుడు. మళ్ళీ ఫ్యాను దగ్గరికి రావడమే. ఈలోగా లోపలినుంచి టోకెన్ నంబరు పిలుస్తారు.